పన్నెండో ఇల్లు

భియా,

నేనే, నీ చెల్లె సునీతను. నువ్వు పోయి పదకొండు నెలలైంది. నీకు చదవడం రాదని తెలిసే రాస్తున్నాను. మన లంబాడీల గోర్ మాటకు రాత లేదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను. రాసింది తెచ్చి, నిన్ను పెట్టిన చోట గట్టు మీద కూర్చుని, ఎప్పట్లా నేనే చదివి వినిపిస్తాను. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, నా మార్కుల కాగితం... అన్నీ అట్లాగే కదా విన్నావు?

ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పేస్తాను. నాలుగు రోజుల కింద హర్యా మామ భుజాన తీగచుట్ట వేసుకుని చెరుకు తోట వైపు పోతూ కనిపించాడు. అదే తీగ. నిన్ను చంపిన తీగ. ఇంకో తొమ్మిది రోజుల్లో దవాళి పండుగ. దవాళి దాకా నోరు తెరవనని మనల్ని కన్న యాడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఆ ఒట్టు ఆ రోజుతో తీరిపోతుంది. తీరగానే మామ మీద ఫిర్యాదు కాగితం ఇవ్వడానికి బాన్సువాడ ఠాణాకు పోతాను. పోయే ముందు నిన్నొక మాట అడగాలి.

అడిగేముందు అన్నీ వరుసగా చెప్పాలి కదా. నువ్వు చూడనివి చాలా జరిగాయి.

నిన్ను ఏది చంపిందో నీకు ఆ క్షణంలోనే తెలిసి ఉంటుంది. నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. సైకిల్ మీద మహారాష్ట్రలోని మన పుణ్యస్థలం పౌరాగఢ్ దారి పడితే గాని తెలియలేదు.

ఆ పొద్దున మనకు చెప్పింది వేరే. మక్కకు నీళ్ళ వంతు వచ్చిందని చీకటి ఉండగానే పార తీసుకుని వెళ్ళావు. దగ్గర దారి అని మామ చెరుకు తోట గట్టు పట్టుకున్నావు. తెల్లారేసరికి మామ నిన్ను భుజాన వేసుకుని తండాలోకి వచ్చాడు. నీ తొడ చీరి ఉంది. కొట్టేసిన చెరుకు కొయ్యల మీద పడ్డావు కదా, దాని గాయం అది. మాకేం తెలుసు? మామ గుండెలు బాదుకుంటూ చెప్పాడు, "పంది పొడిచింది అక్కా... నీ కొడుకును పంది పొడిచింది" అని. తన ఒక్కగానొక్క తమ్ముడు చెబితే యాడి నమ్మదా? నేనూ నమ్మాను. డిగ్రీ చదివిన దాన్ని, నేనే నమ్మాను.

పెద్దమనుషులు కూర్చుని పోలీసులెందుకన్నారు. పెళ్ళి కానివాడివి కాబట్టి ఆచారం ప్రకారం మట్టిలో పెట్టారు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది.

నీ కాళ్ళు కడిగింది నేనే. రెండు పిక్కల మీదా, గీత గీసినట్టు, సన్నగా నల్లగా ఉంది. బురద అనుకుని రుద్దాను. పోలేదు. ఇంకా రుద్దాను... శవాన్ని పట్టుకుని అంతసేపు ఏం చేస్తున్నావని ఎవరో చెయ్యి పట్టి లేపారు.

పదో రోజుకు మామ ఒక పందిని కొట్టి తెచ్చాడు. నిన్ను పొడిచింది ఇదేనన్నాడు. తండా అంతా చూడ్డానికి వచ్చింది. వేటలో మొదటి పాలు దెబ్బ తిన్న ఇంటికి ఇవ్వాలి కదా, మన ఇంటికి తొడ పంపాడు. యాడి ముట్టలేదు. నేను తిన్నాను భియా. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. నమలుతుంటే పళ్ళ మధ్య నుంచి నా పగ తీరుతున్నట్టే అనిపించింది. కూర మంచిగైందని మామతో చెప్పాను కూడా. ఆ మాట ఇప్పటికీ నా నాలుక మీద నుంచి పోవడం లేదు.

గడ్డి వేసి కాల్చక ముందు ఆ పంది ముందుకాళ్ళ మీద కూడా ఒక నల్ల గీత చూశాను. చూశాను... అంతే. చూసిందానికి అర్థం తెలియకపోతే చదువు ఎందుకు మరి?

ఒక్క పంది చాలలేదు నాకు. నా చేత్తో ఒకదాన్ని చంపాలనుకున్నాను. దానికి నీ మొక్కు సాకుగా దొరికింది.

నీకు గుర్తుందా, నా డిగ్రీ అయితే సైకిల్ మీద పౌరాగఢ్ వచ్చి కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నావు? బస్సు ఉంది కదా అంటే, "బస్సుల పోతే మొక్కు డ్రైవర్‌ది అయితది, నాది కాదు" అన్నావు. నా రిజల్ట్ వచ్చేసరికి నువ్వు లేవు. నీ మొక్కు నేను తీరుస్తానని యాడికి చెప్పాను. ఫిబ్రవరిలో, నువ్వు రోజూ రుద్రూర్ వ్యవసాయ ఫారానికి కూలికి పోయే ఆ నల్ల సైకిలే తీసుకుని ఒక్కదాన్నే బయలుదేరాను. క్యారేజికి నీ కాన్వాసు సంచి. సంచి పక్కన గోనెపట్టాలో చుట్టి, మన ఇంట్లో దూలానికి కట్టి ఉండే బల్లెం. యాడికి అది చెప్పలేదు.

తండా మొత్తం నవ్వింది. ఆడపిల్ల, సైకిల్, మహారాష్ట్ర... "నడుమల గాలి పోతే ఎవల్ని పిలుస్తవే టీచరమ్మా? పంక్చర్ గూడ పుస్తకంల ఉంటదా?" అని హర్యా మామ పెళ్ళాం, మామీ, అడిగింది. నేనింకా టీచర్‌ని కాలేదని, జిరాక్స్ సెంటర్లో అప్లికేషన్లు రాసుకుంటున్నానని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు పెట్టిన పేరు పోదు కదా.

పంక్చర్ వెయ్యడం నువ్వే నేర్పావు. అడవి జంతువు ఎదురైతే ఏం చెయ్యాలో కూడా. "సైకిల్ దిగి నిలబడు. బెల్లు కొట్టకు. దానికి తొవ్వ ఇయ్యి. అది పోయినంక నువ్వు పో. తొవ్వ ఇస్తే ఏదీ నీ దిక్కు చూడనే చూడదు." ఎన్నిసార్లు చెప్పావో. ఫారం దారిలో నీకు రోజూ ఏదో ఒకటి ఎదురయ్యేది. నువ్వు చెబుతుంటే నేను సగం అబద్ధమనుకునేదాన్ని.

బిచ్కుంద దాటి మద్నూర్ వైపు పోతుంటే జింకలు కనిపించాయి. కోసేసిన శనగ చేలల్లో, నల్లరేగడి మీద... ఇరవై దాకా ఉన్నాయేమో. రోడ్డు దాటడానికి ఆగి ఉన్నాయి. నేను దిగి నిలబడ్డాను. ఒక్కొక్కటీ ఎగిరి దాటింది. చివరికి కొమ్ములు మెలితిరిగిన మగది, వీపు నల్లగా, పొట్ట తెల్లగా, రోడ్డు నడిమధ్య ఆగి నా వైపు చూసింది. నువ్వు చెప్పినట్టే, తన దారిన తాను పోయింది. ఒక్క నిమిషం నాకు పగ గుర్తు రాలేదు. వెంటనే నా మీద నాకే కోపమొచ్చింది. నేను జింకలు చూడ్డానికి వచ్చానా?

దెగ్లూర్ దాటాక రోడ్డు పక్కన కూర్చుని రొట్టె తింటుంటే కొండముచ్చులు వచ్చాయి. ఒకటి నా ఒళ్ళోంచే జొన్నరొట్టెల మూట లాక్కుని చెట్టెక్కింది. రొట్టెలు తిని, వెల్లుల్లి కారం పొట్లం మాత్రం నా మీదికే విసిరింది. నువ్వుంటే ఎంత నవ్వేవాడివి... నాకూ నవ్వొచ్చింది. ఒక్కదాన్నే, రోడ్డు మీద, పిచ్చిదానిలా. నువ్వు పోయాక నేను నవ్వడం అదే మొదలు.

సాయంత్రమైతే మనవాళ్ళ తండా ఎక్కడుందో అడిగేదాన్ని. ఏ రాష్ట్రమైతేనేం, మన తండాలో అడుగు పెట్టి మన మాట మాట్లాడితే అన్నం పెట్టకుండా ఉంటారా? ఎవరి బిడ్డవు, ఏ గోత్రం అని అడిగి, వేడి నీళ్ళు పెట్టి, నా కాళ్ళు పిసికిన ముసలమ్మలున్నారు. ఒక్కదానివే ఎందుకొచ్చావని అడిగితే అన్న మొక్కు అని చెప్పాను. బల్లెం ఎందుకని అడిగితే కుక్కలకు అన్నాను.

నాందేడ్ దాటి, ఉమర్‌ఖేడ్ దాటి, పుసద్ వైపు కొండలు మొదలయ్యాయి. అక్కడే ఎదురైంది భియా.

ఎండ ఇంకా తగ్గలేదు. ఎక్కుడు దారి, సైకిల్ దిగి తోస్తున్నాను. రెండు పక్కలా టేకు చెట్లు, కింద ఎండుటాకులు. ఆకుల్లో పెద్దగా చప్పుడైంది. మనిషి నడిచినట్టే ఉంది. ముందు వాసన వచ్చింది, తర్వాత అది వచ్చింది. ఒంటరి మగపంది. నా నడుమంత ఎత్తు. మెడ మీద వెంట్రుకలు చీపురు పుల్లల్లా లేచి ఉన్నాయి. కోరలు పసుపురంగులో ఉన్నాయి. రోడ్డు దాటాలని వచ్చింది, నన్ను చూసి ఆగింది.

నువ్వు చెప్పింది గుర్తుంది. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అయినా తొవ్వ ఇవ్వలేదు. గోనెపట్టా ఊడదీసి బల్లెం పట్టుకున్నాను.  "మా భియాను చంపింది నీ జాతే కదా" అని గట్టిగా అరిచాను. మన మాటలోనే అరిచాను, దానికి తెలుగు రాదన్నట్టు...

అది ఒక్కసారి ఊపిరి వదిలింది. తర్వాత అంతా ఎంతసేపట్లో జరిగిందో చెప్పలేను. నేను విసిరిన బల్లెం దాని మీదుగా పోయి ఎక్కడో ఆకుల్లో పడింది. అది నా మీదికి వస్తుంటే సైకిల్‌ను దానికి అడ్డంగా వదిలి వెనక్కి దూకాను. తల వంచి, కింద నుంచి పైకి ఒక్క విసురు విసిరింది. అంత బరువు సైకిల్ గాల్లోకి లేచింది. ఇంకో విసురు. ఆ తర్వాత నా వైపు చూడనైనా చూడకుండా రోడ్డు దాటి లోయలోకి దిగిపోయింది. దానికి కావలసింది దారే. నువ్వు చెప్పిందే నిజమైంది.

సంచి చీరిపోయింది. వెనక టైరు, ట్యూబు రెండూ చీరిపోయాయి. నా చెప్పొకటి లోయలో పడింది. బల్లెం దొరకలేదు. సైకిల్ తోసుకుంటూ, ఒంటి చెప్పుతో కుంటుతూ పొద్దుగూకేలోపు ఒక తండా చేరాను. పంది నన్ను ఏమీ చెయ్యలేదన్న అవమానంతో ఏడుస్తూ నడిచాను.

అక్కడ ఒక అవ్వ నా సంచిని కుట్టడానికి తీసుకుంది. చేతుల నిండా గాజులు, కళ్ళద్దాలకు దారం. చిరుగు మీద వేలు పెట్టి కింద నుంచి పైకి నడిపిస్తూ చెప్పింది. మన మాటలో చెప్పింది, తెలుగులో ఇట్లా రాస్తున్నాను.

"పంది పని గిట్లనే ఉంటది బిడ్డా. కింద సన్నగ, పైకి పోయినకొద్దీ ఎడల్పు. అంచులు పీలికలు పీలికలు అయితయి. మా మరిది తొడ గూడ గిట్లనే చీరింది. బతికిండు, కుంటుతడు."

నీ తొడ గాయం కళ్ళ ముందుకు వచ్చింది. పై నుంచి దిగి, లోపల చెరుకు పీచు ఇరుక్కుని... పీలికలు లేవు. అది ఒక్క పోటు.  మరి కాళ్ళ మీద నల్ల గీత ఎందుకు పడుతుందవ్వా అని అడిగాను.

అవ్వ సూది ఆపింది. "రెండు కాళ్ళ మీదా?"

అవునన్నాను.

"అది పంది గాదు. కరెంటు తీగె. మా తండాల ఇద్దరు పోయిండ్రు. తోటకు పందులు రావద్దని తీగె గుంజుతరు. దానికి పంది ఒకటి, మనిషి ఒకటి అని ఉంటదా?"

సంచి కుట్టి నా చేతిలో పెట్టింది.  నేను తిన్న మాంసం గుర్తొచ్చింది. ఆ పంది కాళ్ళ మీది గీత గుర్తొచ్చింది. ఒకే తీగకు ఇద్దరు... నువ్వూ, అదీ. నిన్ను చంపిందని చెప్పి, నీలాగే చచ్చినదాన్ని నాకు వండిపెట్టారు.

ఆ మర్నాడు టైరు కొని వేయించుకుని పౌరాగఢ్ చేరాను. కొబ్బరికాయ కొట్టి నీ మొక్కు తీర్చాను. నాదొక మొక్కు కట్టుకున్నాను. అది ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు కదా?

తిరుగు దారిలో ఏ జంతువు కనిపించిందో అడక్కు. జింకలున్నాయేమో, నక్కలున్నాయేమో... నాకు హర్యా మామ ముఖం తప్ప ఏమీ కనిపించలేదు. కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి, నోరు మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఎదురు గాలి కూడా తెలియలేదు. ఆరు రోజుల దారి అయిదు రోజుల్లో వచ్చాను.

నేరుగా మామ వాకిట్లోకే పోయాను. ఆ గడప తొక్కి ఎన్ని నెలలైందో. నన్ను తన కొడుకు అనిల్‌కు అడిగితే నువ్వు కుదరదన్న రోజు నుంచి మన రెండిళ్ళకూ మాటల్లేవు కదా. "నా చెల్లె చదువు అయ్యేదాక ఎవ్వలకూ మాట ఇయ్య, మామా. నువ్వయినా సరే" అన్నావు. ఎంత మెల్లగా అన్నావు! అరిచి ఉంటే మామకు అంత తగిలేది కాదేమో. నువ్వు పోయాకనే తను మళ్ళీ మన వాకిట్లోకి వచ్చాడు... నిన్ను భుజాన మోసుకుని.

సంచి చిరుగు చూపించాను. నీ కాళ్ళ మీద గీత గురించి అడిగాను. మామ కాదనలేదు. మంచంలో కూలబడ్డాడు. ఏమన్నాడో విను.

"అందరికీ చెప్పిన బిడ్డా. తీగె పెట్టినప్పుడు ఇల్లిల్లు తిరిగి చెప్పాలె గదా, చెప్పిన. మా ఇంటితోని పదకొండు ఇండ్లకు చెప్పిన. మీ ఇంటికి... మాటలు లేకపాయె గదా. ఎట్ల రావాలె?"

మళ్ళీ చదువుతాను విను. మాటలు లేకపాయె గదా, ఎట్ల రావాలె.

ఇంకా చెప్పాడు. ఆ సాయంత్రం మన ఇంటి ముందు ఆగాడట. గోడకు ఆనించిన నీ సైకిల్ కనిపించిందట. నువ్వు లోపల నవ్వుతున్నది వినిపించిందట. పిలుద్దామని నోటి దాకా వచ్చిందట. ముందు నువ్వే పిలవాలని ఊరుకున్నాడట. నోటి దాకా వచ్చిన మాట! ఆ రోజు నువ్వు ఎందుకు నవ్వావో నాకు గుర్తుంది. నా ఇంగ్లీషు విని నవ్వావు.

పన్నెండు ఇళ్ళ తండాలో పన్నెండో ఇల్లు మనది. నిన్ను చంపింది కరెంటని కాగితంలో రాస్తాను. నిన్ను చంపింది అలక అని నాకు తెలుసు. అలకకు ఏ సెక్షన్ ఉంది భియా?

మామ ఏడ్చాడు. నా కాళ్ళు పట్టుకోబోయాడు. నేను వెనక్కి జరగలేదు, లేపనూ లేదు. చూస్తూ నిలబడ్డాను. ఆ ఏడుపు ఎంతసేపు సాగుతుందో చూడాలనిపించింది. చదువుకున్న పిల్లకు జాలి ఉంటుందంటారు. నాకు రాలేదు.

యాడికి చెప్పాను.  యాడి నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "దవాళికి మీ అన్నకు బువ్వ పెట్టేదాక నోరు తెరవకు. కొడుకు పోయిండు. తమ్ముడు గూడ పోతే నా పుట్టిల్లు ఎక్కడున్నదే?" అంది.  ఒట్టేశాను. మామ మళ్ళీ తీగ జోలికి పోడని అనుకున్నాను కాబట్టే వేశాను. నీ చావుకు ఆ మాత్రం భయం మిగిలి ఉంటుందనుకున్నాను.

నాలుగు రోజుల కింద ఆ తీగచుట్ట చూశాక నాకు అర్థమైంది. ఏడుపు ఒకటి, చెరుకు ఒకటి.

ఆ తీగను పీకి పారేయాలని తోట దాకా పోయాను.  ముట్టలేకపోయాను. నన్ను తిట్టకు. అందుకే వేరే పని చేస్తున్నాను. రోజూ జిరాక్స్ సెంటర్ నుంచి రాగానే, వెలుతురు ఉండగానే, ఇల్లిల్లూ తిరిగి నేనే చెబుతున్నాను. "హర్యా మామ తోటకు కరెంటు పెట్టిండు. గట్టు మీదికి ఎవరూ పోవద్దు." పేరు పెట్టి చెబుతాను. గొంతు పెంచి చెబుతాను. మేకలు తోలుకొచ్చేవాళ్ళను ఆపి చెబుతాను. మొదటి రోజు రాంజీ తాత నవ్వాడు. "టీచరమ్మ వచ్చింది, హాజరు చెప్పుండ్రి" అని. ఇప్పుడు నవ్వడం లేదు. అన్ని వాకిళ్ళలోనూ మాటలు ఆగిపోతున్నాయి.

ఒట్టు తప్పానా? నీ పేరు ఒక్కసారీ ఎత్తలేదు. తీగ ఉందన్నాను, అంతే.

చివరి ఇల్లు మామదే. ఇప్పుడు పన్నెండో ఇల్లు అదే కదా. గుమ్మం ముందు నిలబడి, లోపల ఉన్నాడని తెలిసే, గట్టిగా పిలుస్తాను. "మామా! నీ తోటల తీగె ఉన్నది. గటు దిక్కు పోకు, పాణం పోతది!" మొదటి రోజు మామీ వచ్చి చేతులు జోడించింది. రెండో రోజు తలుపు మూసుకుంది. మూడో రోజు లోపల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. నిన్న ఏ చప్పుడూ లేదు. ప్రతి రోజూ ఆ గుమ్మం ముందు నాకు నెమ్మదిగా, చల్లగా ఉంటుంది భియా. ఆ కూర తిన్నప్పుడు తీరిందనుకున్న పగ అబద్ధం. ఇది నిజం.

తొమ్మిది రోజులు ఇట్లా తిరుగుతాను. ఆ తర్వాత కాగితం.

కాగితం రాయడం అయిపోయింది. ఎంతమందికో రాసి పెట్టాను, నాది రాయడానికి నాలుగుసార్లు చింపాను. సంచిలో ఉంది... అవ్వ కుట్టిన సంచిలోనే. జిరాక్స్ సెంటర్‌కు వచ్చే రిటైరైన పోలీసు జమేదారుకు, ఎవరిదో సంగతి అన్నట్టు చెప్పి అడిగాను. ఆయన నా ముఖం చూసి గ్రహించాడేమో. "కేసు నిలవాలంటే మట్టి తీసి చూడాల్సి రావచ్చమ్మా. ఇంటోళ్ళు తట్టుకుంటరా, సోంచాయించుకో" అన్నాడు.

నేను నిన్ను అడగాల్సిన మాట ఇదే.

మామను చూస్తే నాకు జాలి లేదు. తండా నన్ను వెలేస్తుందన్న ఫికర్ లేదు. యాడి నాతో మాట్లాడటం మానేస్తుంది, అది కూడా మోస్తాను. కాని నిన్ను పారలు పెట్టి తవ్వి, తీసి, ఎవరో బల్ల మీద పెట్టి చూస్తారు. యాడి అక్కడే నిలబడి చూస్తుంది. నీ కాళ్ళు నేను అంతగా కడిగాను... ఇప్పుడు ఏ రూపంలో ఉన్నావో. నీ నిద్ర చెడగొట్టే హక్కు నాకుందా? మామకు కుదరదన్న రోజు నీ మాటను నువ్వే చెప్పుకున్నావు, ఎవరితోనూ చెప్పించుకోలేదు. ఇప్పుడు కూడా నువ్వే చెప్పాలి.

జవాబు ఎట్లా ఇవ్వాలో కూడా నేనే చెబుతున్నాను.

దవాళి మరునాడు పొద్దున, పెద్దలకు పెట్టినట్టే, నిప్పుల మీద బెల్లం అన్నం పెట్టి నెయ్యి పోసి నీ పేరు పిలుస్తాం. మొదటిసారి నీ పేరు. మంట లేస్తే నువ్వు శాంతించి తిన్నావని యాడి అనుకుంటుంది. మామ కూడా వచ్చి దూరంగా నిలబడి, అట్లాగే అనుకుని ఊపిరి పీల్చుకుంటాడు. మన ఇద్దరి మధ్య లెక్క అది కాదు. మంట లేస్తే, మట్టిలోంచి నన్ను లేపినా సరే, పోయి కాగితం ఇయ్యి అని నువ్వన్నట్టు. లేవకపోతే వద్దన్నట్టు.

నెయ్యి పోస్తే మంట లేవకుండా ఉంటుందా అంటావేమో... తెలుసు. బర్రెనెయ్యి, రెండు చేతుల నిండా, నేనే పోస్తాను. నిప్పులు కూడా నేనే ఊది పెడతాను. ఇది న్యాయం కాదని నాకు తెలుసు. మామ నీకు చెప్పడానికి నోరు తెరిచాడా, నేను న్యాయంగా అడగడానికి?

నువ్వు వద్దంటే మాత్రం, అంత నెయ్యినీ, అంత నిప్పునీ దాటి నువ్వే ఆర్పాలి. ఆర్పితే, నీ మీద ఒట్టు, కాగితం ఆ నిప్పుల్లోనే వేసి, తీగ సంగతి వేరే దారిలో చూసుకుంటాను. అది నీకు నేనిచ్చే తొవ్వ. ఇంకెవరికీ ఇవ్వను.

సైకిల్‌కు గాలి కొట్టి ఉంచాను. ఆ పొద్దున్నే నెయ్యి పోస్తాను. పది గంటలకు బాన్సువాడకు బయలుదేరాలి.

ఆలోపు జవాబియ్యి, భియా.

నీ చెల్లె,
సునీత